పిల్ల నెత్తి మీద వేసిన ఒట్టు

“ఒలే వదినా, నివ్వు మానేత్తే రేపట్నుంచి నానెవల్ని తిట్టాలే?”

“మా మేనకోడలొత్తంది కదా, దాన్ని తిట్టు. కొత్త మనిసి. బేగి ఏడుత్తాది.”

భావనపాడు ఎర్రమ్మకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. టెక్కలిలో పిల్లల డాక్టరుగారి ఆసుపత్రి వరండాలో, నేను పని మానేసిన రోజున. ఆమె నవ్వుకుంటూ ఆటో ఎక్కింది. రెండు నెలలకు నిద్రలోనే పోయింది. ఇంకాస్త మంచి మాట ఏదైనా అనాల్సిందేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. అని ఉంటే మాత్రం ఎర్రమ్మ నన్ను అనుమానంగా చూసి ఉండేది.

నేను ఆ ఆసుపత్రిలో ఆయాని. ఇరవై ఆరేళ్లు చేశాను. ఎవరూ రిటైరు చెయ్యలేదు, మోకాళ్లే రిటైరయ్యాయి. నాకు సంతకం వచ్చు, అంకెలు వచ్చు, మందు పెట్టెల రంగులు గుర్తు. అంతకు మించితే అక్షరాలు నన్ను చూసి తప్పుకుంటాయి, నేను వాటిని చూసి తప్పుకుంటాను. అందుకని నేను చెప్తుంటే మా తమ్ముడి కూతురు లలిత రాస్తోంది. నర్సు చదివింది, నా తర్వాత అదే ఆసుపత్రిలో చేరింది. ఇదంతా దానికోసమూ, దానిలాగా కొత్తగా సూది పట్టుకునే పిల్లలకోసమూ చెప్తున్నాను. నేను ‘ఏటి’ అంటే అది ‘ఏమిటి’ అని రాస్తోంది. నా మాటలకు ఇస్త్రీ చేసుకుంటే చేసుకోమన్నాను. కానీ మనుషులు మనుషులతో అన్నవి మాత్రం అన్నట్టే రాయాలని చెప్పాను. చచ్చినవాళ్ల మాట మారిస్తే పాపం, బతికున్నవాళ్లదైతే వచ్చి కొడతారు.

సూది కంటే ముందు వరస

ఆసుపత్రిలో తేలాల్సిందంతా తన గదిలోనే తేలుతుందని డాక్టరుగారు అనుకుంటారు. చదువుకున్నవారు కదా, అలాగే అనుకుంటారు. గదిలో అందరూ తల ఊపుతారు. వరండాలో బల్ల మీదకొచ్చాక అసలు సంగతి మొదలవుతుంది.

“ఏటంతన్నాడు?” అని అత్త.

“ఏడాదికోపాలి ఫ్లూ సూదంట.”

“అంటే?”

“జలుబు లాంటిదంట.”

“జలుబుకి సూదేటి? మిరియాలు నేవేటి మనింట్లో?”

అయిపోయింది. ఆటో ఎక్కేస్తారు.

మిగతా సూదులకు ఇంత గొడవ లేదు. ఊళ్లో నర్సమ్మ వచ్చి వేస్తుంది, కార్డు మీద రాస్తుంది, అందరి పిల్లలకూ వేస్తున్నారు కాబట్టి మన పిల్లకూ వేయించాలి. ఈ ఫ్లూ సూది ఆ కార్డులో లేదు. డాక్టరు చెప్తేనే, అమ్మానాన్నలు ఒప్పుకుంటేనే. పైగా ఏటేటా వేయించాలి. చిన్నపిల్లలకు మొదటిసారైతే నాలుగు వారాల తేడాతో రెండు సూదులు. ఇదంతా ఎవరు వింటారు?

ఆ బల్ల దగ్గరే నా పని. చీటీ పిలవడం, నేల తుడవడం, సూది వేసేటప్పుడు పిల్లను పట్టుకోవడం. మాట్లాడమని నాతో ఎవరూ అనలేదు. అందుకే కాబోలు, నా మాట విన్నారు.

నా పద్ధతి ఒక్కటే. ముందు వరస కలపాలి. ఏ ఊరు, ఎవరి తాలూకా అని అడుగుతూ పోతే ఎక్కడో ఒకచోట చుట్టరికం తగుల్తుంది. కులం వేరైనా ఊరి వరస ఊరి వరసే. అత్త వరసైతే ఒదిగి మాట్లాడాలి. కూతురి వరసైతే కసరొచ్చు. వదిన వరస దొరికిందంటే పండగే, ఏమన్నా చెల్లుతుంది. వరస లేకుండా “అమ్మా, సూది మంచిది” అంటే ఎవరో వచ్చి సబ్బు అమ్ముతున్నట్టు చూస్తారు.

ఒక తప్పు చెప్తాను. పలాస నుంచి ఒక మేష్టారు పిల్లాణ్ణి తీసుకొచ్చారు. ఆ సూది వేస్తే అదే ఫ్లూ వస్తుందని ఫోన్లో చూశారట. “నాకు సదువు రాదు మేష్టారూ, అందులో ఏటుందో మీరే సదివి ఇనిపించండి” అన్నాను, బల్ల మీద పదిమంది ఉండగా. ఆయన పెద్దగా చదవడం మొదలుపెట్టారు. మూడో ముక్కలో, ఇది మీరు పదిమందికి పంపితే శుభవార్త వింటారు అని వచ్చింది. బల్లంతా నవ్వింది. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను. ఆయన ముఖం ఎర్రబడింది, పిల్లాణ్ణి ఎత్తుకుని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. నేను గెలిచాను, పిల్లాడికి సూది పడలేదు. ఆ సూదిలో ఉండేది చచ్చిన పురుగేననీ, దానివల్ల ఫ్లూ రాదనీ ఆయన్ను పక్కకు పిలిచి చెప్తే సరిపోయేది. లలితా, దీని కింద గీత గీసి రాయి.

డాక్టరుగారి గురించి

మంచివారు. చెయ్యి తేలిక. కోపం వస్తే ఇంగ్లీషులో వచ్చేది, కాబట్టి నాకు తగిలేది కాదు. మందుల ఫ్రిజ్‌లో తన పెరుగు గిన్నె పెట్టుకునే జబ్బు ఒకటి ఉండేది. నేను తీసి బయట పెట్టేదాన్ని. “ఇది నా ఆసుపత్రి సూరమ్మా” అనేవారు. “ఫ్రిజ్ మాత్రం సూదులది బాబూ” అనేదాన్ని.

ఆయన అసలు లోపం వేరే ఉంది. అంతా వివరంగా చెప్పి, చివర “మీ ఇష్టం” అనేవారు. మర్యాదకే అనేవారు. మన వైపు డాక్టరు “మీ ఇష్టం” అన్నాడంటే అర్థం, అక్కర్లేదని. జ్వరానికి మందు రాసి మీ ఇష్టం అంటారా? ఈ సంగతి చెప్తే ఆయన మూడు రోజులు ఆలోచించారు. తర్వాత నుంచి “నా మనవడికి వేయించాను, దీనికీ వేయిద్దాం. భయమేమన్నా ఉంటే అడగండి” అనడం మొదలుపెట్టారు. ఒప్పుకునేవాళ్లు పెరిగారు. నాకు చీరేమీ పెట్టలేదు.

ఒట్టు

గౌరి ఎర్రమ్మ మనవరాలు. అప్పటికి నాలుగేళ్లు. బక్కపిల్ల, కళ్లు మాత్రం గుండ్రంగా చేప కళ్లు. వానలు పడితే ఆయాసం. అంతకుముందు రెండేళ్లూ ఫ్లూ వచ్చి, ఊపిరి అందక, శ్రీకాకుళం తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. రెండోసారి దక్కుతుందని ఎవరూ అనుకోలేదు. ఈసారి వానలకు ముందే రెండు సూదులూ పడాలని డాక్టరుగారు పట్టుబట్టారు. పిల్ల తల్లి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేసేది, అత్తకు ఎదురు చెప్పే రకం కాదు. ఇంట్లో మాటంటే ఎర్రమ్మదే. ఎండుచేపల వ్యాపారం చేసి ముగ్గురు కొడుకుల్ని పెంచిన మనిషి, గొంతు హార్బరు దాకా వినిపిస్తుంది.

వదిన వరస కలిపాను. రెండు జోకులేశాను. ఆమె నాకంటే నాలుగు ఎక్కువే వేసింది. అయినా సూది దగ్గరకొచ్చేసరికి వెనక్కి లాగింది.

“ఏసేక జలుబు రాదా?”

“రాదు.”

“వత్తే?”

“ఏడాది దాకా తుమ్ము కూడా రాదొదినా.”

“ఒట్టేసి సెప్పు.”

అప్పటికే బయట ఎండ దంచుతోంది, ఆకలేస్తోంది, ఇంకా పన్నెండు చీటీలున్నాయి. గౌరి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను.

సూది పడింది. పది రోజులకు గౌరికి జలుబు చేసింది. జలుబు వెనకాలే ఆయాసం.

జలుబులు నానారకాలు. ఈ సూది ఒక్క ఫ్లూ కోసమే, అదీ పని మొదలుపెట్టడానికి రెండు వారాలు పడుతుంది. ఇది నాకు తెలుసు. తెలిసే ఒట్టేశాను. మన వైపు పిల్ల నెత్తి మీద దొంగ ఒట్టేస్తే ఏమవుతుందో కొత్తగా చెప్పాలా? ఆ ఒట్టు పిల్లకే తగుల్తుంది. ఎర్రమ్మ లెక్కలో ఆయాసం తెచ్చింది సూదీ కాదు, వానా కాదు. నేను.

బల్ల మీద యుద్ధం

గౌరికి మందులిప్పించి ఎర్రమ్మ ఇంటికి పోలేదు. బల్ల మీద మధ్యలో కూర్చుంది. మర్నాడూ వచ్చింది. మూడో రోజూ వచ్చింది. చీటీ లేదు, జబ్బు లేదు, నోరుంది.

“సూడండర్రా మా గుంట గౌరి ముక్కు. ఏడాది తుమ్ము రాదని ఒట్టేసినాది ఈ ఆయమ్మ. పది రోజులకి కాలవ కట్టినాది. ఈలు సెప్పింది ఇన్నారంటే మీ పిల్లల్నీ ఒగ్గేసుకోవాల.”

“వదినా, నెమ్మదిగా...”

“నీకెవలే వదిన? నా గుంట నెత్తి మీద ఒట్టేసిన్నాడే తెగిపోనాది వరస!”

ఆ వారమంతా ఫ్లూ సూది వేయించుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. డాక్టరుగారు నన్ను గదిలోకి పిలిచారు.

“ఏం చెప్పావు ఆవిడతో?”

“నానేటీ సెప్పలేదు బాబూ.”

ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. తుడుస్తూనే ఉన్నారు. ఇక ఆ అద్దాలు అరిగిపోతాయని భయమేసి అంతా చెప్పేశాను.

“ఆ పిల్లకు రెండో సూది పడకపోతే ఈ వానల్లో మళ్లీ శ్రీకాకుళమే. ఈసారి అదృష్టం ఎలా ఉంటుందో తెలియదు” అన్నారు. “ఆవిడకు నా మందు మీద కోపం లేదు, నీ ఒట్టు మీద కోపం. నేను వెళ్తే మందు గురించి మాట్లాడి వస్తాను. నువ్వే వెళ్లాలి.”

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టిన పెద్దలెవరూ నాకు గుర్తులేరు, తిట్టని ఈయన మాట మాత్రం ఇంకా గుర్తుంది.

ఏ గట్టు?

మర్నాడు భావనపాడు వెళ్లాను. ఎర్రమ్మ ఎండబెట్టే చోట చేపలు తిరగేస్తోంది. చుట్టూ పదిమంది ఆడవాళ్లు, అంతకు రెట్టింపు కాకులు. నన్ను చూసి అందరూ చేతులాపారు. కాకులు కూడా ఆగాయనే నాకు గుర్తు.

“ఏటిలాగొచ్చినావు? సూది తెచ్చినావేటి?”

“ఒట్టు తీసి గట్టున పెట్టీడానికొచ్చినాను.”

దొంగ ఒట్టుకు మనకున్న మందు అదే కదా. వేసినవాళ్లే వచ్చి, పిల్ల నెత్తి మీద నుంచి ఒట్టు తీసి గట్టు మీద పెట్టాలి. గౌరిని పిలిచారు. ఆయాసం తగ్గింది, ముక్కు ఇంకా కారుతోంది. అందరూ వినేలా చెప్పాను: “నాను అబద్దం ఆడినాను. ఈ సూదేత్తే జలుబు రాదని ఏ డాక్టరూ సెప్పలేదు. నా బుద్ది తక్కువై ఒట్టేసినాను. దీనికి ఆ సూదివల్ల ఆయాసం రాలేదు, కానీ నా మాట మాత్రం దొంగమాటే.” నెత్తి మీద నుంచి గుప్పెట్లోకి తీసుకున్నాను. ఎక్కడ పెట్టాలి? చుట్టూ చూస్తే అంతా ఇసకే.

“గట్టేదే ఇక్కడ?” అందొక ముసలావిడ.

“సేపలారబెట్టే సిమెంటు గట్టుంది కదా.”

“సిమెంటు పనికొత్తాదేటి? మట్టి గట్టుండాల.”

“ఆ ఒట్టే దొంగదంతంది, దానికి మట్టి గట్టొకటా!” అంది ఎర్రమ్మ. మొదటిసారి ఆమె మూతి నవ్వుకు వంకరపోవడం చూశాను. సిమెంటు గట్టు మీద పెట్టాను. గౌరి వెళ్లి అక్కడ ఏముందో వంగి చూసింది.

అప్పుడు ఎర్రమ్మ పక్కకు లాక్కెళ్లి అసలు మాట అడిగింది. అది ఆసుపత్రి బల్ల మీద ఎన్ని రోజులు కూర్చున్నా బయటికి రాని మాట.

“మా తమ్ముడికి కాళ్లు నొప్పులని ఒకడు సూదులు పొడిసీవోడు. పొడిసి పొడిసి ఆకర్ని కిడ్నీలు పోనాయి. ఇప్పుడు వారానికి రెండుపాలులు పలాస ఎల్లి రగతం కడిగించుకుంతన్నాడు. ఏటేటా సూదంటావు. ఈ గుంటకీ అలాగే అవుద్దేమోనే?”

ఊరూరా కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానంలో పుట్టినవాళ్లకు ఈ భయం ఎవరూ నేర్పక్కర్లేదు. మా ఆయన కొబ్బరితోటలో పని చేసేవాడు. ఆయనా కిడ్నీలతోనే పోయాడు. ఎందుకు పోతున్నాయో చూద్దామని పెద్దపెద్దవాళ్లొచ్చి మా ఊరి నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు, మన్ను సంచుల్లో పట్టుకెళ్లారు. నాకైతే ఇంతవరకూ ఎవరూ వచ్చి ఇందుకని చెప్పలేదు. డాక్టరుగారి మాట ఒక్కటి వల్లించి “కిడ్నీలకేం కాదు” అనేయొచ్చు. నా నోట్లోంచి అప్పుడే ఒక దొంగమాట దిగింది, రెండోది ఎక్కించబుద్ధి కాలేదు.

“మా ఇంటాయన కిడ్నీలు ఏల పోనాయో నాకు తెల్దు వదినా. మీ తమ్ముడివీ ఏల పోనాయో తెల్దు. ఈ సూదికీ దానికీ సంబందం నేదని మా డాక్టరు సెప్తాడు. నా మాట నమ్మకు. మీ తమ్ముడికి రగతం కడిగే డాక్టర్లుంటారు కదా, ఈ ఫ్లూ సూది గురించి ఆలేటంతన్నారో అడుగు.”

ఎర్రమ్మ అక్కడే ఫోను చేసింది. స్పీకరు పెట్టింది.

“ఒరే, జలుబు సూదొకటుందంట, ఏటేటా ఏసీది. మీ డాక్టర్నడిగి సెప్పు, కిడ్నీలకేటన్నా అవుద్దేమో.”

“ఫ్లూదా? నాకేసినారు కదా.”

“ఏటీ?”

“కిడ్నీలు పాడైనోలు తప్పకండా ఏయించుకోవాలని ఆలే సెప్పి ఏసినారు. రెండేళ్లయినాది.”

“మరి నాకు సెప్పనేదేటిరా, సచ్చినోడా!”

“నివ్వడిగినావేటి? వచ్చినపుడల్లా నాను సేప తినకుండా కాపలా కాత్తావు గానీ!”

ఆడవాళ్లంతా నవ్వారు. ఎర్రమ్మ ఫోను కట్టేసి నా వైపు తిరిగింది.

“సరే. రెండోది ఏయిత్తాను. ముందు నీకెయ్యాల.”

“నాకేటి?”

“నీకెప్పుడన్నా ఏసినారేటి?”

నా వంతు

లేదు. ఇరవై ఏళ్లకు పైగా అందరి పిల్లల్నీ పట్టుకున్నాను, నేను ఒక్కసారీ వేయించుకోలేదు. కారణం ఏమీ లేదు. నాకు సూదంటే భయం. చెప్పాను, రాసేయ్.

నాలుగు వారాలు నిండిన రోజు ఎర్రమ్మ, గౌరి, గౌరి తల్లి వచ్చారు. బల్ల నిండా జనం. డాక్టరుగారికి సంగతి తెలిసి, ఆ రోజు రెండు సూదులు తనే బయటికి తెచ్చారు. అంత ఉత్సాహం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు.

“బాబూ, రేపు ఏయించుకుంతాను.”

“ఈరోజు మంచిరోజు సూరమ్మా.”

నేను లేవబోయాను. ఎర్రమ్మ పట్టుకుంది. నేను పిల్లల్ని ఎలా పట్టుకుంటానో ఆ మూడు రోజుల్లో బాగా చూసి ఉంచుకుంది మరి. కాళ్లు తన మోకాళ్ల మధ్య బిగించింది, ఒక చెయ్యి వెనక్కి, తల తన భుజానికి. చేపల వాసనలో ఊపిరాడలేదు. “అదిగో కాకి, అదిగో కాకి” అంది, నేను పిల్లలతో అనేట్టే. సూది పడింది. నేను అరిచాను. ఆ అరుపు బస్టాండు దాకా వినిపించిందని కంపౌండరు ఇప్పటికీ చెప్తాడు, వాడి మాట నమ్మకండి.

గౌరి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే వచ్చి తల్లి ఒళ్లో కూర్చుని చెయ్యి చాపింది. వేసేశారు. “అయిపోనాదేటి?” అంది.

అప్పుడు ఎర్రమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. చెయ్యి నొప్పెడుతుంది. జ్వరం ఒకరోజు రావచ్చు. జలుబులు మామూలుగానే వస్తాయి. ఫ్లూ కూడా రావచ్చు, వస్తే ఇదివరకంత పీడించకుండా ఉంటుందని ఆశ. వచ్చే ఏడాది మళ్లీ రావాలి, ఆ పురుగు ఏటేటా వేషం మారుస్తుంది. ఒట్టు మాత్రం వెయ్యను.

మర్నాడు ఫోను చేసింది. “గుంటకి జొరం వచ్చినాదే. నివ్వు సెప్పినట్టే వచ్చినాది!” పెళ్లి కుదిరినంత సంబరంగా చెప్పింది. ఇన్నేళ్ల పనిలో నేను నేర్చుకున్నది ఆ ఫోన్లోనే ఉంది. వచ్చేదాన్ని ముందే చెప్పి, అది వస్తే, రానిదాని గురించి చెప్పినప్పుడు కూడా నమ్ముతారు.

ఆ వానల్లో గౌరికి రెండుసార్లు జలుబు చేసింది, ఒకసారి ఆయాసం వచ్చింది. ఇంట్లోనే మందు పీల్పించారు. శ్రీకాకుళం వెళ్లలేదు. సూది వల్లేనా అని డాక్టరుగారిని అడిగితే, ఒక్క పిల్లను చూసి చెప్పలేం అన్నారు. నేనూ అంతే చెప్తాను. ఎర్రమ్మ మాత్రం అలా చెప్పలేదు. ఏటా వానలకు ముందు గౌరిని తీసుకొచ్చి, పని అయ్యాక కూడా బల్ల మీద కూర్చునేది. ఎవరైనా జలుబుకి సూదేమిటంటే, “నానూ నీలాగే తెలివైనదాన్నే. కూకో, సెప్తాను” అని మొదలుపెట్టేది. ఎవరితోనూ వరస కలిపేది కాదు. నేరుగా తిట్లే. అవీ పని చేశాయి. నా పద్ధతొక్కటే పద్ధతి అనుకోవద్దని దీనర్థం.

మొన్న

ఎర్రమ్మ పోయాక గౌరిని ఎవరు తీసుకొస్తారా అని నాకు దిగులుగా ఉండేది. తల్లికి ఫ్యాక్టరీ సెలవు దొరకదు, ధైర్యం అంతకన్నా దొరకదు. మొన్న వానలు రాబోతుండగా ఆ తల్లే వచ్చింది. పూట కూలి పోగొట్టుకుని, జీడిరసం మరకల చేతులతో గౌరిని పట్టుకుని, డాక్టరుగారి గదిలోకి నేరుగా వెళ్లి, “మా అత్త నేదు, నానే తెచ్చినాను. ఈ ఏడాదిది ఎయ్యండి” అందట.

సూది పట్టుకుంది లలిత. గౌరి చెయ్యి చాపలేదు. లలితను కింద నుంచి పైకి చూసి, “నీకేసినారేటి?” అని అడిగిందట.

ఏంటే, కలం ఆగింది? ఆ తర్వాత నువ్వు ఏం చెప్పావో కూడా రాయి. ముందు ‘ఆఁ, వేసినారు’ అన్నావు. ఒట్టేయమంది. నువ్వు వెయ్యలేదు. లోపలికెళ్లి డాక్టరుగారి చేత వేయించుకుని, దూది చేతికి నొక్కుకుంటూ వచ్చి పిల్లకు చూపించావు. తప్పేముంది, నాకు ఇరవై ఏళ్లు పట్టింది, నీకు ఒక పూట పట్టింది. రాశావా? సరే, ఇప్పుడు మొదటి నుంచి చదువు. మెల్లగా చదువు, ఏదైనా మింగావంటే నాకు తెలిసిపోతుంది.